నాలుగో అంతస్తులో నాలుగు పలకలు

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు గురించి ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే. "నడుస్తాందా?"

పాలాయన అడుగుతాడు. గ్యాస్ బండ తెచ్చినవాడు బండను ఆటోలోంచి దించకముందే అడుగుతాడు. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చిన చుట్టాలు కింది నుంచి ఫోన్ చేసి, బాగున్నారా అనే ముందు ఆ మాటే అడుగుతారు. నడుస్తాంది అంటే పైకి వస్తారు. లేదంటే పత్రిక వాచ్‌మన్ చేతిలో పెట్టి పోతారు. వాళ్ళను తప్పుపట్టలేను. మార్కాపురంలో మేడ అంటే ఒక వరస మెట్లు అనుకుని పెరిగినవాళ్ళం మేము. ఐదంతస్తులు లేచి, మధ్యలో ఒక ఇనుప గది పైకీ కిందికీ తిరుగుతుంటే, అది తిరగడమే మాకు గొప్పగా తోచింది.

ఆ గది బాగోగులు నా నెత్తిన పడిన తీరు చెప్పాలి. సంఘానికి సెక్రటరీని ఎన్నుకునే రోజు నేను కురిచేడులో ఒక పెళ్ళికి పోయాను. రాని మనిషిని ఎన్నుకోవడం మా దగ్గర ఆనవాయితీ. కాదనడానికి ఆ మనిషి అక్కడ ఉండడు కదా. తిరిగొచ్చేసరికి నేను సెక్రటరీని. "లెక్కల సారు గదా, మిషన్లు ఆయనకైతేనే అర్థమైతాయి" అన్నారట. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో వర్గమూలాలు చెప్పినవాడికి మిషన్లు ఎందుకు అర్థమవుతాయో నాకు తెలియదు. అయినా కాదనలేదు. రిటైరైన మాస్టారుకు గద్దించడానికి ఎవరో ఒకరు కావాలి.

గద్దించాను కూడా. మా ఎదురు ఫ్లాటు అబ్బాయికి ఎరువుల దుకాణం ఉంది. ఒకసారి రెండు బస్తాలు లిఫ్టులో తెచ్చాడని అతణ్ణి నలుగురిలో కడిగేశాను. మూడో అంతస్తులో బస్సు డ్రైవరు ఒకతను ఉంటాడు. వాళ్ళ పిల్లలు లిఫ్టులో ఎగురుతున్నారని అతని తలుపు మీదే నోటీసు అంటించాను. ఇద్దరూ తల వంచుకుని విన్నారు. ఆ తర్వాత నేను కనపడితే మెట్లెక్కి పోయేవాళ్ళు.

నా తెలివి మొదటి దసరాకే బయటపడింది. ఆయుధపూజ నాడు బండ్లకు, కార్లకు, బోరు మోటారుకు పూజ చేసి లిఫ్టును వదిలేస్తామా? పసుపు రాశాను. తలుపు అంచున నిలువుగా నల్లటి పట్టీలు రెండు కనిపించాయి, బొట్లు పెట్టడానికే చేసినట్టు నున్నగా. పైనుంచి కింది దాకా సమాన దూరంలో, లెక్కల మాస్టారు పెట్టినట్టే, కుంకుమ బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం, హారతి ఇచ్చాం. ఆ తర్వాత తలుపు మూసుకుంటే ఒట్టు. సగం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ తెరుచుకుంటుంది. "అమ్మవారు లోపల కూసోనుండాది" అని ఐదో అంతస్తు ఆమె చెంపలు వేసుకుంది. రెండు రోజులు అందరం మెట్లెక్కాం.

మూడోనాడు ఒంగోలు నుంచి మెకానిక్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. పట్టీల వంక ఒక్క చూపు చూసి, జేబురుమాలు తీసి తుడిచాడు. తలుపు మూసుకుంది.

"ఇవి తలుపు కళ్ళు సార్. మధ్యలో మనిషి ఉన్నాడా లేడా అని ఇవే చూస్తాయి. రెండు రోజులూ మీ బొట్లను మనుషులనుకుంది. ఈసారి బొట్టు నుదుటికి పెట్టండి, కళ్ళకు పెట్టకండి."

ఆ రోజు నుంచి ఆయన మాట మీద నాకు గురి కుదిరింది. గురి కుదిరిన మనిషి మాటను ఆ తర్వాత నేను కావాలనే వినలేదు. ఈ రాతంతా ఆ సంగతి చెప్పుకోవడానికే.

మా ఆవిడకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఆసుపత్రికి పోయి నాలుగు గంటలు డయాలసిస్ చేయించుకోవాలి. ఒకటి తప్పితే కాళ్ళు పొంగుతాయి, రెండు తప్పితే ఊపిరి ఆడదు అన్నాడు డాక్టరు. మొదటి మాట ఆమెతో చెప్పాడు, రెండో మాట నా వైపు తిరిగి చెప్పాడు. ఆమె మోకాళ్ళు అంతకుముందే పోయాయి. మా నాలుగో అంతస్తు నుంచి కిందికి డెబ్బై రెండు మెట్లు. ఒక్క మెట్టు కూడా ఆమె దిగలేదు.

ఫ్లాటు కొనేటప్పుడు కింది అంతస్తు తీసుకుందామని ఆమె అంది. బేస్తవారిపేట దగ్గర పల్లెలో పుట్టింది, కాలు నేల మీద ఉంటేనే ఆమెకు ఇల్లు. నేను గాలి, వెలుతురు, దోమలు అని మూడు కారణాలు చెప్పి నాలుగో అంతస్తు కొన్నాను. గాలి, వెలుతురు నిజమే. దోమలు నాలుగో అంతస్తుకూ వస్తాయి. లిఫ్టులో వస్తాయనుకుంటా.

ఒక శుక్రవారం ఆసుపత్రికి బయలుదేరుతుంటే లిఫ్టు గడప దగ్గర ఆమె కాలి వేలు కొట్టుకుంది. వంగి చూశాను. లిఫ్టు నేల మా వసారా నేల కంటే కొంచెం ఎత్తున ఆగి ఉంది. ఎక్కువ కాదు, ఒక పలక మందం. మిగతా అంతస్తుల్లోనూ అంతే, కాళ్ళు బాగున్నవాళ్ళు పట్టించుకోలేదు.

నాకు ఆ కొలతే తోచింది. మా నాయన పలకల గనిలో పనిచేసిన మనిషి. ఈ ఊళ్ళో రాయిని చీల్చి దేశమంతటికీ అక్షరాలు దిద్దించిన చేతుల్లో ఆయనవీ రెండు. పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేయలేక తెచ్చుకున్న పలకరాళ్ళు బాల్కనీలో కుండీల వెనక ఉన్నాయి. ఒకటి తీసి, అంచు అరగదీసి, ఇంత సిమెంటు కలిపి లిఫ్టు గడప ముందు పరిచాను. ఇప్పుడు వసారా నేల లిఫ్టుతో సమానమైంది. ఆమె కాలు తగలకుండా ఎక్కింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. "మార్కాపురం సారు అనిపించుకున్నాడు" అన్నారు. ఎత్తులో తేడా వచ్చింది లిఫ్టుకు, మేము సరిచేసింది నేలను. ఇందులో వింత ఏమైనా ఉందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

ఒక్కరికి తట్టింది. ఎరువుల దుకాణం అబ్బాయి వాళ్ళమ్మ. చంద్రశేఖరపురం పక్క పల్లెలో బతుకంతా గొర్రెల వెంట నడిచిన మనిషి. మందను అమ్మి కొడుకు దగ్గరికి వచ్చింది గానీ చూపు ఇంకా మంద మీదున్నట్టే ఉంటుంది. పొద్దున్నే లిఫ్టుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను పెద్దమ్మా అంటాను.

"అబ్బాయా, ఇది కుంటుతాంది" అంది నా పలక వంక చూస్తూ.

"నడుస్తానే ఉంది గదా పెద్దమ్మా."

"నడిచేదాన్ని చూస్తే ఏం తెలస్తాది? కాలు నొచ్చిన గొర్రె గుడక మందతో పాటు నడుస్తానే ఉంటాది. నిలబడినప్పుడు చూడాల. నొచ్చిన కాలు ఎత్తిపెడతాది. ఇది సూడు, నిలబడేకాడ ఎత్తి నిలబడతాంది."

లిఫ్టుకు, గొర్రెకు ఉన్న తేడాను ఆమెకు ఓపిగ్గా వివరించాను. ఆమె కూడా ఓపిగ్గానే విన్నది.

రెండు నెలలకు రెండో పలక పరిచాను. ఆ నెల సర్వీసుకు వచ్చిన మెకానిక్ మా అంతస్తులో ఆగి, చతికిలబడి, పలకల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇవి ఎప్పుడెప్పుడు వేశారు సార్?"

చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. పైన మిషను గదిలోకి పోయి, గంట తర్వాత చేతులు తుడుచుకుంటూ దిగాడు. "బ్రేకు అరిగిపోయింది. ఖాళీ లిఫ్టు కంటే అవతలి వైపు దాన్ని లాగే బరువు ఎక్కువ ఉంటుంది సార్. బ్రేకు పట్టు తగ్గేకొద్దీ, ఆగమన్న చోట ఆగకుండా పైకి జారుతుంది. మిషను విప్పి ఒంగోలు తీసుకుపోవాలి. పది రోజులు లిఫ్టు ఆపాలి."

"నడుస్తాంది గదా" అన్నాను. లెక్కల మాస్టారు నోటి నుంచి వచ్చిన మాట అది.

ఆయన నవ్వలేదు. "లిఫ్టు నడవడానికి కరెంటు చాలు సార్. ఆగడానికే మేము కావాలి."

పది రోజులంటే ఆసుపత్రికి నాలుగు సార్లు. సారికి డెబ్బై రెండు మెట్లు దిగడం, డెబ్బై రెండు ఎక్కడం. ఐదువందల డెబ్బై ఆరు. ఆయన రిజిస్టరులో రాస్తుండగానే లెక్క వచ్చేసింది. లెక్కలు రావడం ఇలాంటప్పుడే శాపం. రాసినదాని కింద సంతకం పెట్టి, "ఎప్పుడు ఆపాలో ఫోన్ చేస్తా" అన్నాను. ఆయన పోయాక రిజిస్టరు తీసుకుపోయి బీరువాలో పెట్టాను. రిజిస్టరు ఉండాల్సింది కింద వాచ్‌మన్ గదిలో.

ఆయన నాలుగు సార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి పండగ అన్నాను. రెండోసారి రెండో అంతస్తు అమ్మాయికి నెలలు నిండాయి అన్నాను. మూడోసారి ఐదో అంతస్తులో వ్రతం. నాలుగోసారి ఊళ్ళో లేనని చెప్పాను, బాల్కనీలో పలకరాళ్ళ పక్కనే నిలబడి. "నెలాఖరు దాటితే నేనే వచ్చి ఆపేసి తాళం వేస్తాను సార్" అని పెట్టేశాడు. సంఘం సమావేశంలో అందరూ అడిగారు, లిఫ్టు నడుస్తాందా సారూ అని. నడుస్తాంది అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మూడో పలక వేశాను. నెల తిరక్కముందే నాలుగోది కూడా వేశాను.

నాకు భయం. దాన్ని ఇంకో మాటతో చెప్పడం నాకు చేతకాదు. లిఫ్టు ఆగితే ఆమె కిందికి పోలేదు, కిందికి పోకపోతే ఆమె ఉండదు. నా బుర్ర ఈ రెండు మెట్ల మీదే ఎక్కి దిగుతుండేది. ఎవరినైనా సాయం అడగొచ్చు కదా అంటారు. ఎవరిని? బస్తాల కోసం నలుగురిలో కడిగేసిన అబ్బాయినా? తలుపు మీద నోటీసు అంటించిన డ్రైవరునా? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు సంగతి నాకు తెలుసు. అడిగి కాదనిపించుకోవడం కంటే పలక మీద పలక పరచడం తేలిక.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాం. డయాలసిస్ అయిన రోజు ఆమె పిండేసిన గుడ్డలా ఉంటుంది. నా భుజం పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని లిఫ్టులో నిలబడింది. నాలుగో అంతస్తు వచ్చింది. ఆగలేదు. మెల్లగా ఇంకా పైకి జారి, అప్పుడు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. మా వసారా మోకాలంత కిందికి పోయింది. లిఫ్టు అంచు కింద చీకటి గుంత కనిపిస్తోంది. ఆమె చూడలేదు. అలవాటు కొద్దీ కాలు బయటికి చాచింది.

"దిగమాక! నిలబడు!"

ఎదురుగా కుర్చీలోంచి పెద్దమ్మ అరిచిన అరుపుకు మా ఆవిడ కాలు గాలిలోనే ఆగింది. గొర్రెల మందను వాగు ఒడ్డున ఆపిన గొంతు అది. నేను వెనక నుంచి మా ఆవిడ నడుము పట్టుకుని లోపలికి లాగాను. భోజనానికి ఇంటికొచ్చిన పెద్దమ్మ కొడుకు ఆ కేకకు బయటికి ఉరికొచ్చాడు. ఆ గుంతకు అడ్డంగా నిలబడి, "అత్తా, నా మెడ పట్టుకో" అని రెండు చేతులా ఎత్తి దించాడు. నేను ఎలా దిగానో గుర్తులేదు.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాక పెద్దమ్మ నా వైపు తిరిగింది. ఏదో అంటుందనుకున్నాను. చేతికర్ర కొనతో నాలుగు పలకలనూ ఒక్కొక్కటే తట్టింది.

అన్నది మా ఆవిడ. మంచినీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, "లిఫ్టు చెడిపోయిందని నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"ఎన్ని దినాల నుంచి?"

"రెండో పలక నుంచి."

"నా కాలికి గడప తట్టుకుంటాదని వేస్తాండావేమో అనుకున్నా. మురిసిపోయినా గుడక." గ్లాసు కింద పెట్టింది. "ఇందులో పసిపిల్లలు ఎక్కుతాండారు. పో, మెయిన్ ఆపేసి రా."

"ఎల్లుండి శుక్రవారం నువ్వు ఎట్ల దిగుతావు?"

"నువ్వు ఎవురినన్నా అడిగినావా?"

ఎరువుల దుకాణం అబ్బాయి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "అడిగేదేంది మామా" అన్నాడు. "బస్తాలు మోసేవాళ్ళం, అత్తను మొయ్యలేమా?" బస్తాల మాట అతను ఎత్తిపొడుపుగా అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. రెండింటికీ నేను అర్హుణ్ణే. పోయి మెయిన్ ఆపాను. బీరువాలోని రిజిస్టరు తెచ్చి వాచ్‌మన్ గదిలో పెట్టాను. ఒంగోలుకు ఫోన్ చేసి, నాలుగు అబద్ధాలూ వరసగా ఒప్పుకున్నాను. మెకానిక్ అంతా విని, "ఎవరికీ ఏం కాలేదు కదా సార్" అని మాత్రం అడిగాడు.

శుక్రవారం తెల్లారేసరికి మా గుమ్మంలో ఎరువుల దుకాణం అబ్బాయి, బస్సు డ్రైవరు ఉన్నారు. డ్యూటీ మధ్యాహ్నానికి మార్చుకున్నానని డ్రైవరు చెప్పాడు. ఆమెను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో నడుముకు కట్టి, ఎత్తారు. మెట్ల వైపు తిరిగారో లేదో పెద్దమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఏందిరా అది! బతికుండే మనిషిని కాళ్ళు ముందర పెట్టి దించుతారా? తిప్పండి!"

ముఖం కిందికి ఉంటే దించడం సులువని డ్రైవరు చెప్పబోయాడు. నేనైతే బరువు, వాలు అని లెక్కే మొదలుపెట్టాను. పెద్దమ్మ కర్ర తీయలేదు. కాళ్ళు ముందర పోయేది పాడె మీద. ఆ మాట ఆమె పైకి అనలేదు గానీ అందరికీ అర్థమైంది. కుర్చీని తిప్పారు. వీపు మెట్ల దిగువకు, ముఖం ఎగువకు. వెనకాల ఆసుపత్రి సంచీ పట్టుకుని దిగేది నేను. అంటే డెబ్బై రెండు మెట్లూ ఆమె నన్ను చూస్తూ దిగింది. నేను ఆమెను చూస్తూ దిగాలి. మొదటి మలుపు దాకా పైకప్పు చూశాను, తర్వాత గోడ చూశాను. రెండో మలుపు దగ్గర చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

"తప్పయింది" అన్నాను.

"మెట్లు చూసుకోని దిగు" అంది.

ఆ పది రోజులూ అంతే. దించేటప్పుడు ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకునేవి. మూడో అంతస్తులో డ్రైవరు భార్య దిష్టి తీసేది. రెండో అంతస్తులో కుర్చీ దించి ఊపిరి తీసుకునేవాళ్ళు. అక్కడి బాలింత బిడ్డను తెచ్చి మా ఆవిడకు చూపించేది. ఒకటో అంతస్తు ముసలాయన, ఎన్నడూ పలకరించని మనిషి, "ఇయ్యాల ముఖం తేటగా ఉందమ్మా" అనేవాడు. కింద ఆటో ఎక్కేసరికి పావుగంట పట్టేది. లిఫ్టు ఉన్నప్పుడు నిమిషం పట్టేది కాదు.

లిఫ్టు బాగుపడింది. మెకానిక్ నన్నే ఎక్కించి, కింది నుంచి నాలుగో అంతస్తుకు పంపాడు. చప్పుడు లేకుండా వచ్చి వసారా నేలకు గీత గీసినట్టు సమానంగా ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. సెక్రటరీ హోదాలో ఛాతీ విరిచి బయటికి అడుగేశాను. నాలుగు పలకల గట్టు కాలికి అడ్డం తగిలి, పెద్దమ్మ కుర్చీ ముందు బోర్లా పడ్డాను. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడిందని సామెత. పెద్దమ్మ కాళ్ళు పక్కకు తీసుకుని, "లిఫ్టు బాగైంది" అంది. సాయంత్రం ఉలి పెట్టి పలకలను ఊడదీశాను.

ఆ తర్వాతి సోమవారం మేమిద్దరమే బయలుదేరాం. తలుపులు మూసుకున్నాయి. ఆ ఇనుప గదిలో ఆమె, నేను, ఆసుపత్రి సంచీ. ఆమె మూసుకున్న తలుపుల వంక చూస్తూ నిలబడింది. ఈసారి నన్ను చూడలేదు.

"ఏమయ్యా" అంది. "ఇది మళ్ళా ఎప్పుడు చెడిపోతాదంట?"

నేను కిందికి పోయే సున్నా మీట మీద పెట్టబోయిన వేలు వెనక్కి తీసుకున్నాను. మూడో అంతస్తు మీట నొక్కాను. ఆ తర్వాత రెండోదీ, ఒకటోదీ.